ఇత్తడి బిరడా

సెప్టెంబరు 8, సోమవారం

మందులతో పాటు ఇది కూడా రాయమంది డాక్టరమ్మ. మనసులో తిరిగేదంతా కాగితం మీద పెడితే నిద్ర పడుతుందట. నేను చదివింది ఐదో తరగతి. "నువ్వు తప్ప ఎవరు చదువుతరమ్మా, రాయి" అంది మంజూష. మా అమ్మాయికి అన్నీ తేలికే.

ఏం తిరుగుతోంది అంటే, పడవ.

వినాయకులంతా హుస్సేన్ సాగర్‌లోకి వెళ్లారు. నీళ్లలో మిగిలిన ఇనుప చువ్వలు క్రేన్లతో తీసేశాక పడవలు దింపనిస్తారు. దసరా దాటాక అన్నమాట. మా ఆయన అప్పుడే పడవ మీది కప్పు విప్పాడు.

ముప్పై ఏళ్లకు పైగా అక్కడి క్లబ్బు పడవలకు కప్పులూ దిండ్లూ కుట్టాడు. పోయినేడు ఒక పెద్ద సారు ఊరు మారుతూ తన చిన్న ఫైబర్ పడవను, ఇంజనుతో, దాన్ని లాగే చక్రాల బండితో సహా ఈయనకు ఇచ్చి వెళ్లాడు. స్కూటర్ కూడా కొనని మనిషికి పడవ. అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో, అపార్ట్‌మెంటు వెనక కారు పెట్టుకునే జాగాలో పడవ. అది వచ్చిన కొన్నాళ్లకే గుండె ఆపరేషన్ అయింది. పడవ వల్ల కాదన్నారు పంజాగుట్ట డాక్టర్లు.

సెప్టెంబరు 10

వాన. పడవలో నీళ్లు నిలవలేదు.

ఎందుకు నిలవలేదో చూపించాడు. పడవ అడుగున, వెనక వైపు, బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంది. దానికి ఇత్తడి బిరడా. నేల మీద ఉన్నన్నాళ్లు బిరడా తీసి, పడవ ముక్కు ఎత్తి పెడితే వాన నీరంతా కారిపోతుంది. నీళ్లలోకి దింపేముందు తిప్పి బిగించాలి. తీసిన బిరడాను ఇంజను పిడికి కట్టిన ఎర్ర తాడుకు తగిలిస్తాడు.

"తాడుకు బిరడా ఉన్నదనుకో, బొక్క తెరిచున్నట్టు. తాడు ఖాళీగున్నదనుకో, బిరడా కింద బిగిచ్చినట్టు. వంగి చూసే పనే లేదు కాంతవ్వా. నడుములు నొయ్యయి."

"మరి ఊడి ఎక్కడన్నా పడిపోతె?"

"పడదు."

"పడితె?"

"నీకు ఫికర్ చేసుడే పని" అన్నాడు.

సెప్టెంబరు 14, ఆదివారం

సాయిలు వచ్చాడు. నా తమ్ముడు. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. పడవను జీపుకు తగిలించి సాగర్ దాకా లాగేది వాడే. ఇద్దరికీ ఈత రాదు. సిరిసిల్లలో మగ్గం గుంట తప్ప వేరే లోతు ఎరగరు.

నీలం డ్రమ్ము నిండా నీళ్లు పోసి ఇంజను తోక అందులో ముంచారు. నీళ్లు లేకుండా నడిపితే వేడికి పాడవుతుందట. ఇంజను పక్క నుంచి సన్నటి ధార చిమ్మితే లోపల నీరు సరిగా తిరుగుతున్నట్టు. ధార వచ్చింది. దాంతో పాటు పొగ వచ్చింది, చప్పుడు వచ్చింది, నాలుగో అంతస్తు నుంచి అసోసియేషన్ సెక్రటరీ గిరిబాబు గారు వచ్చారు.

"ఏంటండీ శివరాములు గారూ! పైన మా పాప ఆన్‌లైన్ క్లాసు వింటోంది. డ్రమ్ములో పడవ నడుపుతున్నారా?"

"పడవ కాదు సార్, ఇంజనే. పడవ డ్రమ్ముల ఎట్ల పడ్తది?"

"మా బావను ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోలుమని ఎప్పటిసందో చెప్తున్న సార్. మా అక్క ఇంటలేదు" అన్నాడు సాయిలు.

గిరిబాబు గారు నవ్వు ఆపుకుని, మళ్లీ ఇంకోసారి కాకుండా చూసుకోండి అని వెళ్లారు.

ఇంజను స్టార్టు చేసే తాడు లాగింది ఈయనే. అంత బరువు ఒక్క చేత్తో గుంజవద్దని డాక్టర్లు రాసిచ్చారు. ఆ కాగితం నేను ఫ్రిజ్ మీద అంటించాను. ఎన్నోసారికో స్టార్టయింది.

సెప్టెంబరు 15

పొద్దున లేచి ఎడమ భుజం రుద్దుకున్నాడు. అడిగితే దోమ కుట్టింది అన్నాడు.

సెప్టెంబరు 21, ఆదివారం

జాకెట్లు ఎండలో వేశాను. నీళ్లలో పడితే తేల్చే నారింజ రంగువి, రెండు. ఒకదాని పట్టీ దగ్గర కుట్టు వదులైంది. ఆయన మిషన్ మీద వేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. చేత్తో, మైనం రాసిన దారంతో, రెండు వరసలు వేశాను. కాళ్లతో తొక్కి పట్టుకుని రెండు చేతులా గుంజి చూశాను. తెగలేదు.

"గంత గట్టిగ ఎందుకే? నేనేమన్న ఎద్దునా?" అన్నాడు.

సెప్టెంబరు 26

ఇంజను కింది నూనె తీశారు. తేనెలా ఉంటే మంచిదట, పాల టీలా ఉంటే నీళ్లు చేరినట్టట. తేనెలాగే ఉంది. బండి చక్రాలకు గ్రీజు పెట్టారు. పడవకు మైనం పాలిష్ పట్టి మెరిపించారు. హాస్టల్ పిల్లలు వచ్చి దాని ముందు నిలబడి ఫోటోలు దిగి వెళ్లారు.

ఏదైనా ఒకటి పాడై ఉంటే బాగుండునని అనుకోలేదు. అన్నీ బాగున్నాయి.

సెప్టెంబరు 30

సద్దుల బతుకమ్మ. పొద్దున పూజ సామాను చింతపండుతో తోమాను. కుందులు, గంట, హారతి పళ్లెం. పడవ బిరడా కూడా తెచ్చి తోమాను. నల్లబడి ఉంది పాపం. రేపు ఆయుధ పూజ కదా. కత్తెర పెడతాం, టేపు పెడతాం. పడవను మూడో అంతస్తుకు ఎక్కించలేం. దాని తరఫున బిరడా పెడితే సరిపోతుంది.

తెచ్చేటప్పుడు ఆయన టీకి వెళ్లాడు. చెప్పే పనేముంది, రేపు పూజలో ఆయనే చూస్తాడు.

అక్టోబరు 1

పూజ అయింది. మిషన్‌కు, కత్తెరకు, టేపుకు పసుపు కుంకుమ. బిరడాకు కూడా. బంతిపూలు ఎక్కువయ్యాయి, అన్నీ పూల కిందికి పోయాయి. ఆయన దండం పెట్టుకుని పులిహోర తిన్నాడు.

పూజలో పెట్టిన పనిముట్టుతో ఆ రోజు పని చేయకూడదు. మర్నాడు కదిలించి ఇచ్చేయాలి.

అక్టోబరు 3

కత్తెర, టేపు మిషన్ సొరుగులో పెట్టాను. బిరడా కిందికి తీసుకెళ్లాలి. లిఫ్టు పనిచేయడం లేదు. మోకాళ్లు.

అక్టోబరు 6

లిఫ్టు బాగైంది. వాన పడుతోంది.

అక్టోబరు 9

ఆదివారం పడవ దింపుతారట. సాయిలుకు ఫోన్ చేసి చెప్పాడు. పిల్లవాడిలా ఉన్నాడు. మోకాళ్లు.

అక్టోబరు 12, ఆదివారం

సాయిలు జీపు తెచ్చి పడవ తగిలించాడు. సర్వపిండి కట్టి ఇచ్చాను. మంచినీళ్లు, మాత్రలు ఇచ్చాను. జాకెట్ ఇంటి నుంచే తొడుక్కొమ్మన్నాను. సందులో అందరూ చూస్తారన్నాడు. చూడనీ అన్నాను. తొడుక్కున్నాడు.

"బావా, అన్ని పెట్టినట్టేనా?" సాయిలు కింద అడుగుతున్నాడు.

"చూడు, తాడు ఖాళీగున్నది. అయిపోయినట్టే."

"నువ్వే పెట్టినవా?"

"నేనే పెట్టి ఉంట. నడు నడు, ఎండ ముదుర్తది."

బాల్కనీలోంచి చూశాను. గేటు దాటేటప్పుడు ఎర్ర తాడు గాలికి ఎగిరింది.

దింపేముందు చూస్తారు. అంత పెద్ద మనుషులు, చూడకుండా ఉంటారా. లేదని తెలిస్తే తిరిగి వస్తారు. సరే, వస్తారు. ఇంట్లో ఉంటారు. ఇంకో వారం గడుస్తుంది. ఫోన్ చేద్దామనుకున్నాను. బండి నడిపేటప్పుడు సాయిలు ఫోన్ ఎత్తకూడదు, ప్రమాదం.

దేవుడి గూటికి పరదా వేశాను.

అదే రోజు

ఆయనకు ఫోన్ చేశాను. సొరుగులో మోగింది. తడుస్తుందని పెట్టి వెళ్లాడు. సాయిలుకు చేశాను. కలవడం లేదు.

అక్టోబరు 13

పంజాగుట్ట ఆసుపత్రి. పోయినేడు ఉన్న అంతస్తే.

కొంత దూరం పోయాక కాళ్ల కింద పలకలు తేలాయట. సాయిలు డబ్బాతో తోడాడట. వెనక బరువుకు పడవ కుంగి ఇంజను ఆగిపోయింది. ఈయన తాడు లాగాడు. స్టార్టు కాలేదు. మళ్లీ లాగాడు. క్లబ్బు వాళ్ల పడవ వచ్చేసరికి ఇద్దరూ నీళ్లలో ఉన్నారు. పడవ ముక్కు ఒక్కటే పైకి ఉందట. ఛాతీలో నొప్పి అంటే తీసుకొచ్చారు. గుండె కాదట, కండరం పట్టిందట. రేపు పంపిస్తారు.

జాకెట్లు బాగా పనిచేశాయి. కుట్లు ఊడలేదు.

సాయిలు వరండాలో నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "తప్పు నాదేనే అక్కా. వంగి చూసి ఉంటె అయిపోతుండె. బావ మాట పట్టుకొని ఊకున్న."

ఊరుకో అన్నాను. టీ తాగమన్నాను.

అక్టోబరు 15

ఇల్లు. పడవను క్లబ్బు వాళ్లు తేల్చి పంపారు. ఇంజను విప్పి ఆరబెట్టి నూనె పోసి ఇచ్చారట. దెబ్బ ఏమీ లేదు. వెనక జాగాలో, ముక్కు ఎత్తి ఉంది.

ఇక దాని ఊసు ఎత్తడు. నేను కోరుకున్నది ఇదే కదా.

అక్టోబరు 18

పొద్దుటి నుంచి ఆయన పడవ కింద దూరి టార్చి వేసి వెతుకుతున్నాడు. పనిముట్ల డబ్బా బోర్లించాడు. డ్రమ్ము కదిలించాడు. గిరిబాబు గారి కారు కింద కూడా చూశాడు.

"ఏంటండీ వెతుకుతున్నారు?" అన్నారాయన.

"బిరడా సార్. పెట్టినట్టే యాదికున్నది. గీ చేతితోనే తిప్పిన. తిప్పితె నీళ్లెట్ల వచ్చినయి? తిప్పకపోతె బిరడా ఏది?"

"పోన్లెండి, వేరేది దొరుకుతుంది."

"దొరుకుతది సార్. అది కాదు."

ఆయన అన్నం తినేదాకా నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

అక్టోబరు 19

సాయిలు కొత్త రబ్బరు బిరడా తెచ్చాడు. ఈయన చేతిలోకి తీసుకోలేదు.

అక్టోబరు 22

మిషన్ ముందు కూర్చున్నాడు. మా కింది ఇంటి బిందు జాకెట్టు గుడ్డ. కొలతలు రాసి పెట్టుకున్నాడు. కత్తెర పట్టుకున్నాడు. టేపు తీసి మళ్లీ కొలిచాడు. మళ్లీ కొలిచాడు. గుడ్డ మడిచి నా చేతికి ఇచ్చాడు.

"ఇచ్చేయి. వేరే టైలర్‌ను చూసుకొమ్మను."

"ఎందుకు?"

"ఖరాబు చేస్త."

ఈయన అన్న సారయ్యకు కూడా ఇలాగే మొదలైంది. మా సందులో అంత మంచి కటింగ్ మాస్టర్ లేడు. ముందు తాళాలు మర్చిపోయాడు, తర్వాత దారి. ఆఖరికి కత్తెర చేతిలో పెడితే తిప్పి తిప్పి చూసి, గిదెందుకు అని అడిగాడు. ఈయనే ఆయనకు అన్నం కలిపి పెట్టేవాడు.

ఆ మాట ఈయన నోటి నుంచి రాలేదు. గుడ్డ తీసుకెళ్లి బిందుకు ఇచ్చి వచ్చాను.

అక్టోబరు 24

మంజూష ఈయనను సోమాజిగూడలో మతిమరుపు చూసే ఒక డాక్టరుకు చూపించింది. గడియారం బొమ్మ గీయమన్నారట. గీశాడు. బాగుందన్నారు, వయసుకు తగ్గట్టే ఉందన్నారు.

"బాపు గుడ్డి ఫికర్ పెట్టుకున్నడమ్మా. నీ రోగం అంటింది" అంది నాతో.

మెట్రో దిగి నడిచేటప్పుడు మంజూష చెయ్యి పట్టుకున్నాడట. ఎప్పుడూ పట్టుకోడు.

అక్టోబరు 26

సాయిలు రాలేదు. ఆదివారం రాకపోవడం ఇదే మొదలు. ఫోన్ చేస్తే పని ఉంది అన్నాడు. రిటైరైన మనిషికి పనేమిటి. బావ ముఖం చూడలేక రావడం లేదు.

వాడు ఇప్పుడు ఎర్రగడ్డ జోకు కూడా వేయడు.

అక్టోబరు 28

గూటి పరదా తీయలేదు. దీపం పరదా బయటే పెడుతున్నాను. ఆయన అడిగాడు ఎందుకని. ఈగలు అన్నాను.

అక్టోబరు 30

వీర్రాజు గారని ఒకాయన, ఊరి బయట చెరువు పక్కన రిసార్టు ఉందట. ఫోన్‌లో మాట్లాడారు. ఆదివారం వచ్చి పడవ తీసుకెళతారు. ఈయన ఒప్పేసుకున్నాడు.

"ఇంక దానితోని నాకేం పని. సగం కాళ్లు నీళ్లల్ల, సగం మతి బయట."

మంచిదే. సాగర్ లేదు, తాడు లాగడం లేదు. ఇంట్లో కుర్చీలో ఉంటాడు. నేను చూస్తూ ఉండవచ్చు.

అక్టోబరు 31

చూస్తూనే ఉన్నాను. టీవీ ఆపి ఉంది. దాని వైపే చూస్తున్నాడు.

నవంబరు 2, ఆదివారం

వీర్రాజు గారు పదింటికి వస్తామన్నారు. ఈయన పొద్దున్నే కిందికి వెళ్లి పడవ కడగడం మొదలుపెట్టాడు. ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలి కదా అన్నాడు.

పరదా తీశాను. బంతిపూలు ఎండి గలగలమన్నాయి. బిరడా మీద పసుపు కుంకుమ అలాగే ఉన్నాయి. తుడుద్దామనుకున్నాను. తుడవలేదు. తుడిస్తే ఎక్కడో దొరికింది అని చెప్పవచ్చు.

మెట్లు దిగాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

ఆయన అటు తిరిగి బకెట్ నింపుతున్నాడు. ఎర్ర తాడుకు బిరడా కట్టి పక్కన నిలబడ్డాను.

తిరిగి చూశాడు. బకెట్ కింద పెట్టాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని కుంకుమ మీద వేలు పెట్టాడు.

"గిదేంది?"

"గూట్లె ఉండె."

"ఎప్పటిసంది?"

"ఆయుధ పూజ కాడినుంచి."

"ఆ పొద్దు మేం పోయేటప్పుడు సుత గూట్లెనే ఉండెనా?"

"ఉండె."

"నీకు ఎర్కనా?"

పైన హాస్టల్ పిల్లలు బట్టలు ఆరేస్తున్నారు. ఒక చొక్కా నీళ్లు కారుతోంది. అది కారడం చూశాను.

"ఎర్కనే" అన్నాను.

డ్రమ్ము బోర్లించి దాని మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. చాలాసేపు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"అంటె నేను మర్చిపోలే."

"లే."

"తిప్పినట్టు యాదికున్నది గద మరి?"

"పోయినేడు తిప్పింది కావచ్చు."

"అంతే. తాడు చూసిన, ఖాళీగున్నది, నడిచిన." కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. "నీళ్లల్ల ముంచి బతికిచ్చుకుందామనుకున్నవా నన్ను?"

"వంగి చూసి మర్లొస్తరనుకున్న."

"ఇన్నేండ్లల్ల ఎప్పుడన్న వంగిననా నేను?"

వీర్రాజు గారు పెద్ద బండి వేసుకుని వచ్చారు. ఈయన లేచి ఎదురు వెళ్లాడు. "ఏమనుకోకున్రి సార్. పడవ ఇస్తలేను. మా ఇంటామె దానికి పూజ చేసుకున్నది."

"అదేంటండీ, మొన్న ఇస్తానన్నారు కదా?"

"మొన్న నా తబియత్ మంచిగ లేకుండె సార్."

నవంబరు 3

మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు.

నవంబరు 4

మాట్లాడలేదు. బిందు ఇంటికి వెళ్లి జాకెట్టు గుడ్డ ఆయనే అడిగి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నమంతా కత్తెర చప్పుడు. వంటింట్లో నిలబడి విన్నాను.

నవంబరు 6

సాయిలు వచ్చాడు. ఆయన చెప్పినట్టున్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నా మీద పెట్టి ఇన్నొద్దులు ఊకున్నవు కదనే. రోజూ కల వస్తుండె నాకు, బావ మునిగినట్టు."

టీ ఇచ్చాను. వద్దన్నాడు. స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్లాను. వచ్చి చూస్తే గ్లాసు ఖాళీగా ఉంది.

బావా బావమరుదులిద్దరూ కిందికి వెళ్లారు. కాసేపటికి సాయిలు గొంతు వినిపించింది. "బావను కాదు, మా అక్కను తోలాలె ఎర్రగడ్డకు!"

నవంబరు 8

రాత్రి అన్నం దగ్గర ఆయనే మాట్లాడాడు. "రేపు పడవ దింపుతున్నం. ఇంజను తాడు సాయిలు గుంజుతడు. నీ కాగితం మాట ఇంటున్న. బిరడా పెట్టుడు ఇగ నీ పని. మేం ముట్టం."

"నేను సాగర్‌కు రావాల్నా?"

"రాకుంటె దింపం."

నవంబరు 9, ఆదివారం

ఖైరతాబాదు దాకా జీపులో ముందు సీటు నాదే. నీళ్ల వాసన. బిరడా కొంగున కట్టుకుని వెళ్లాను, అక్కడ విప్పాను.

వంగాను. మోకాళ్లు బురదలో పెట్టి కూర్చున్నాను. రంధ్రం అంచు తుడిచి బిరడా పెట్టి తిప్పాను. బిగిసింది. ఇంకొంచెం తిప్పాను. ఆయన టార్చి పట్టుకుని నిలబడ్డాడు, పట్టపగలు.

"అయిందా?"

"ఆగు." వేలితో చుట్టూ తడిమాను. "అయింది."

పడవ జారి నీళ్లలోకి దిగింది. సాయిలు ఎక్కాడు, ఆయన ఎక్కాడు. ఇద్దరి జాకెట్ల పట్టీలూ గుంజి చూశాను. క్లబ్బులో అడిగి తెచ్చిన మూడో జాకెట్ ఆయన చేతిలో ఉంది. నా వైపు చాపి పట్టుకుని కూర్చున్నాడు.

నేను గట్టు మీదే ఉందామనుకున్నాను. చూశాను. గట్టు మీద నుంచి ఎర్ర తాడు కనిపించదు. ఇంజను అడ్డం.

అందుకని ఎక్కాను.